ఎన్ని పట్టినావు?

మీదకి దూసుకొచ్చే రబ్బరు బిళ్ళకి నంతిని ఏనాడూ భయపడలేదు. ఆవిడ భయమల్లా ఫోనుకే. ఆట ముగిసి, చెమటకి తడిసిన బట్టలు ఇంకా విప్పకముందే సుంగై సుమున్ ఊరి నుంచి వాళ్ల నాన్న అప్పలసామి ఫోను వచ్చేస్తుంది. ఆయన హలో అనడు, బాగున్నావా అనడు.

"గెలిసినారేటి?"

"లేదు నాన్నా."

"ఎన్ని పడ్డాయి?"

"తొమ్మిది."

"ఎన్ని పట్టినావు?"

"ముప్పై నాలుగు."

"మరింకేటి లా! నలబై మూడు కాయలిసిరితే ముప్పై నాలుగు పట్టినావు. ఏ లారీ మీదోడు పట్టగల్డు అన్ని? ఎల్లు, ఎల్లి బువ్వ తిను."

అంతే, టక్కున పెట్టేస్తాడు. ఆ 'లా' అంటారా, మలేషియాలో అందరి మాటల్లోనూ దొర్లే ఊతపదం. దేశం తరఫున నంతిని గోలు ముందు నిలబడ్డవి పదకొండు ఆటలు. పదకొండు ఫోన్లు. మూడో ప్రశ్నకి జవాబు ప్రతిసారీ మారేది. మొదటి ప్రశ్నకి మాత్రం పదకొండుసార్లూ ఒకటే జవాబు. ఆ జవాబు ఒక్కసారి, ఒకే ఒక్కసారి మార్చి చెప్పాలని నంతినికి ప్రాణం కొట్టుకునేది. కప్పు వద్దు, పతకం వద్దు. "గెలిసినాం నాన్నా" అన్న ఒక్క ముక్క చాలు.

ఆవిడకి ముప్పై ఆరేళ్లు వచ్చాయి. కూర్చుంటే మోకాళ్లు కలుక్కుమంటున్నాయి, లేస్తే నడుం పట్టేస్తోంది. తన దగ్గరే ఆట నేర్చుకున్న నిషా అనే ఇరవై ఏళ్ల పిల్ల గోలు కాయడానికి సిద్ధంగా ఉంది. కౌలాలంపూర్‌లో జరిగే ఈ పోటీతో మానేస్తానని నంతిని తనే చెప్పేసింది. ఈ పోటీలో ఆడిన ఆటలన్నీ ఓడిపోయారు. మిగిలింది ఒక్కటే, ఆదివారం మధ్యాహ్నం సింగపూర్ మీద.

మలేషియాలో మంచు మీద హాకీ ఏమిటండీ అని ముక్కున వేలేసుకోకండి. ఏడాది పొడుగునా చెమటలు కక్కే దేశమే, కాదనను. కానీ షాపింగ్ మాలు ఉన్నాక దాంట్లో ఏదైనా ఉండొచ్చు. కింద ఐసు మైదానం, పైన తిండి దుకాణాలు. జనం పై అంతస్తు కటకటాల మీద మోచేతులు ఆనించి, పుల్లకి గుచ్చి కాల్చిన సాతే మాంసం తింటూ కింద ఆడపిల్లలు ఒకరినొకరు గుద్దుకోవడం చూస్తుంటారు. ప్రపంచంలో హాకీ ఆడే ఆడవాళ్ల జట్లని పైనుంచి కిందకి వరసగా రాసుకుంటూ వస్తే, మన జట్టు పేరు వచ్చేసరికి కాగితం అయిపోతుంది. మన కింద ఇక మంచే. ఆ మాట జట్టు పిల్లలే చెప్పుకుని పడీపడీ నవ్వుతారు. ఓడినా నవ్వగలిగే జట్టు అది. నంతిని కూడా నవ్వేది, ఫోను మోగేదాకా.

అసలు ఈవిడ గోలు ముందుకి ఎలా వచ్చిందో చెప్పాలి, అది చెప్పకపోతే కథ లేదు.

అప్పలసామి సుంగై సుమున్ చుట్టూ ఉన్న బాగన్ దాతుక్ కొబ్బరి తోటల్లో పుట్టి, అక్కడే ఎదిగి, అక్కడే ముసలివాడైన మనిషి. ఆయన తాత విశాఖపట్నం దగ్గర్నుంచి ఓడెక్కి వచ్చాడని చెప్తారు. అప్పలసామి పని ఒలిచిన కాయల్ని లారీకి ఎక్కించడం. ఎక్కించడం అంటే మోసుకెళ్లి పెట్టడం కాదు. కింద ఒకడు నిలబడి కాయ తర్వాత కాయ పైకి విసురుతాడు, లారీ మీద ఒకడు గబగబా పట్టి పేరుస్తాడు. చెయ్యి తప్పితే కాయ మొహం మీదే. బడి సెలవులొస్తే లారీ మీద నిలబడేది నంతిని. తొమ్మిదేళ్ల పిల్ల. "ఆడపిల్లని లారీ ఎక్కిస్తావేటి, పళ్లు రాలితే పెళ్లెవుడు సేసుకుంతాడు?" అని తల్లి శాంతాదేవి గోల పెట్టేది. తండ్రీ కూతుళ్లిద్దరూ చెవిన పెట్టేవాళ్లు కాదు.

అప్పలసామికి ఓ కొంటె అలవాటు ఉండేది. కళ్లు ఎడమకి తిప్పి, చెయ్యి ఎడమకి ఊపి, కాయ కుడికి విసిరేవాడు. మొదటి రోజుల్లో నంతిని నుదుటి మీద రెండు బొప్పులు కట్టాయి. మూడో బొప్పికి ఆయనకే జాలేసి, కిటుకు చెప్పేశాడు.

"నా సెయ్యి సూడకు, అది నిన్ను ఏడిపిస్తాది. నా కళ్లు సూడకు, అవీ ఏడిపిస్తాయి. బుజం సూడు. బుజం ఎటు దిగితే కాయ అటే వస్తాది. బుజానికి దొంగాట రాదు."

ఆ తర్వాత ఆ పిల్లకి బొప్పి కట్టలేదు.

పదిహేడేళ్లు దాటాక అందరు పిల్లల్లాగే నంతిని కూడా పని వెతుక్కుంటూ కౌలాలంపూర్ వచ్చింది. మాల్లో ఐసు మైదానం పక్కన స్కేట్లు అద్దెకిచ్చే చోట ఉద్యోగం దొరికింది. వచ్చినవాళ్ల కాలి కొలత అడగడం, స్కేట్లు ఇవ్వడం, తిరిగిచ్చాక కంపు కొట్టే వాటిని ఆరబెట్టడం, మొద్దుబారిన వాటికి సాన పట్టడం. చల్లగా ఉంటుంది కదా అని చేరింది, అంతకుమించి ఆలోచించలేదు. ఓ రోజు పొద్దున్నే ఆడపిల్లల జట్టుకి ఆట నేర్పే లిమ్ సారు బల్ల అవతల నిలబడి, స్నేహితుడితో కబుర్లాడుతూ, ఇటు చూడకుండానే తన స్కేటు ఇటు విసిరాడు. నంతిని మరో చేత్తో రసీదు రాస్తూ, తలెత్తకుండా ఎడమ చేత్తో దాన్ని పట్టేసింది. ఆయన నోరు వెళ్లబెట్టాడు. రెండో స్కేటు కావాలనే విసిరాడు. దాన్నీ పట్టేసింది. "సారూ, ఇంకా ఉన్నాయా?" అని అడిగింది పైగా.

వారం తిరక్కుండా ఆవిడ కాళ్లకి పరుపుల్లాంటి దళసరి కట్లు కట్టి, మొహానికి ఇనప జాలీ తొడిగి, గోలు ముందు నిలబెట్టాడు. అప్పటికి ఆవిడకి సరిగ్గా స్కేటింగ్ కూడా రాదు. మంచు మీద పట్టుమని పది అడుగులు వేస్తే పదకొండో అడుగుకి కూర్చునేది. "నువ్వు ఎక్కడికీ వెళ్లక్కర్లేదమ్మా, ఇక్కడే నిలబడు, వచ్చింది పట్టు" అన్నాడు లిమ్ సారు. ఆ పని ఆవిడకి తొమ్మిదో ఏటి నుంచీ తెలుసు.

ఇంకో సంగతి. మొదటిసారి దేశం తరఫున ఆడేటప్పుడు కాగితాలు నింపమన్నారు. చొక్కా వీపు మీద ఇంటిపేరు అచ్చు వేస్తారట. మన మలేషియా తెలుగు వాళ్ల గుర్తింపు కార్డులో ఇంటిపేరెక్కడుంది? పిల్ల పేరు, తర్వాత తండ్రి పేరు, అంతే. నంతిని, ఎవరి కూతురు? అప్పలసామి కూతురు. రాసుకునే ఆవిడ ఇటూ అటూ చూసి రెండోదే ఇంటిపేరు అనుకుంది. అలా నంతిని వీపు మీద పెద్ద పెద్ద ఇంగ్లీషు అక్షరాలతో అప్పలసామి ఎక్కి కూర్చున్నాడు. ఊరూరా, దేశదేశానా మైకుల్లో అందరూ ఆవిణ్ణి అప్పలసామీ అప్పలసామీ అనే పిలిచారు. ఆ సంగతి తండ్రికి ఆవిడ ఏనాడూ చెప్పలేదు. పదకొండుసార్లు ఓడిన పేరు నీదే నాన్నా అని ఏ మొహం పెట్టుకుని చెప్తుంది?

చివరి ఆటకి అప్పలసామి వస్తానన్నాడు. ఇన్నేళ్లలో ఇదే మొదలు. డెబ్బై ఏళ్ల మనిషి. పొద్దున్నే తినగరన్ అనే పక్కింటి కుర్రాడి మోటారు సైకిలు వెనక కూర్చుని తెలుక్ ఇంతాన్ దాకా, అక్కణ్ణుంచి బస్సులో కౌలాలంపూర్ చేరాడు. శాంతాదేవి రానంది. "నా పిల్ల మీదకి పదిమంది రాళ్లిసుర్తంటే నాను కూకుని సూడాలేటి? నాను సూడలేను. నువ్వే ఎల్లి సూసుకో" అని కొంగు దులిపేసుకుని లోపలికి పోయిందట.

తెల్ల వేష్టి పంచె, ఇస్త్రీ చొక్కా, కాళ్లకి రబ్బరు సిలిపర్లు, చంకలో గుడ్డ సంచీ. మాల్లోకి అడుగు పెట్టగానే పళ్లు టకటకలాడాయి ఆయనకి. "ఓలబ్బో, ఇదేటి లా, సేపల గిడ్డంగిలా ఉన్నాది!" అన్నాడు. నంతిని పరుగున పోయి జట్టు కోటు తెచ్చి తండ్రికి తొడిగింది. పులి బొమ్మ ఉన్న పసుపు రంగు కోటు. అది తొడుక్కోగానే అప్పలసామి అచ్చం జట్టు పెద్దలా కనిపించాడు. అదే కొంప ముంచింది.

ఆవిడ లోపలికెళ్లి కట్లు కట్టుకుంటుంటే, అప్పలసామి నిదానంగా ఆటగాళ్లు మంచు మీదకి దిగే గేటు దగ్గరికి నడిచాడు. కోటు చూసి ఎవరూ ఆపలేదు, పైగా ఒకడు నమస్కారం పెట్టి దారిచ్చాడు. తోటలో కొత్త లారీ వచ్చినా, పాత లారీకి కొత్త టైర్లు వేసినా, చక్రం ముందు కొబ్బరికాయ కొట్టకుండా అప్పలసామి కాయ ఎక్కించి ఎరగడు. మరి కూతురు పదకొండు ఆటలు ఓడిందంటే ఏమిటి అర్థం? ఎవరూ కొట్టలేదు! ఇన్నేళ్లుగా ఆ మాట ఆయన మనసులో తొలుస్తూనే ఉంది. ఇంటి చెట్టు కాయే, పిలక ఉంచి ఒలిచి, పసుపు రాసి, సంచీలో భద్రంగా తెచ్చాడు. గేటు తీసి, కళ్లు మూసుకుని, నూకాలమ్మ తల్లికి దణ్ణం పెట్టుకుని, కాయని రెండు చేతులా ఎత్తి, డెబ్బై ఏళ్ల సత్తువంతా పెట్టి మంచు మీద ఒక్కటి కొట్టాడు.

ఎన్ని వేల కాయలు మోసిన చేతులవి! కాయ ఫెడేల్మని రెండు చెక్కలైంది. నీళ్లు చింది మంచు మీద జిగటగా పరుచుకున్నాయి. చిప్పల ముక్కలు జారుకుంటూ పోయాయి. ఒక చెక్క తాపీగా తిరుగుతూ తిరుగుతూ మైదానం ఆ చివరికంటా వెళ్లి, సింగపూర్ గోలు కాసే అమ్మాయి కాళ్ల దగ్గర ఆగింది. ఆ పిల్ల వంగి దాన్ని చేతిలోకి తీసుకుని, ఇది ఆటలో భాగమా అన్నట్టు అందరి మొహాలూ చూసింది. కాయ పడిన చోట మంచులో ఇంత గొయ్యి.

పై అంతస్తులో సాతే తినేవాళ్లంతా తినడం మానేశారు.

తర్వాత ఇరవై నిమిషాలు ఏం జరిగిందో చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది. నలుగురొచ్చి చిప్పలు ఏరారు. ఒకడు గొయ్యిలో మంచు తురుము కూరి నీళ్లు పోశాడు. మంచుని నున్నగా చేసే బండి మళ్లీ మొత్తం తిరిగింది. ఆట నడిపే రెఫరీ, ఎర్ర జుట్టు దొరసాని, తెల్లబోయి ఆ తర్వాత ఎర్రబడి, ఇది మలేషియా జట్టు మనిషి పనే అని తేల్చేసింది. కోటు ఉంది కదా మరి! ఆట ఆలస్యం చేసినందుకు మలేషియాకి రెండు నిమిషాల శిక్ష. అంటే ఆట మొదలయ్యేసరికే మనవాళ్లలో ఒకరు పక్కన పెట్టెలో కూర్చోవాలి, మిగిలినవాళ్లు ఒక మనిషి తక్కువగా ఆడాలి. ఇక అప్పలసామిని బయటికి పంపేయమంది.

నంతిని పరుపుల కాళ్లతో పరుగెత్తుకొచ్చేసరికి, కాపలా కుర్రాడు రూబన్ ఆయన మోచెయ్యి పట్టుకుని ఉన్నాడు. అప్పలసామి తల వంచుకుని నిలబడ్డాడు.

"నాన్నా! ఏటి సేసినావు నాన్నా!"

"కాయి కొట్టినాను లమ్మీ. మంచికే కొట్టినాను." గొంతు పీలగా వచ్చింది. "ఎల్లిపోతాన్లే. బస్సుకాడ కూకుంతాను. నువ్వు ఆడుకో."

నంతినికి తల కొట్టేసినట్టయింది. చివాట్లు పెడదామని వచ్చిన మనిషి, తండ్రి మొహం చూసి మింగేసింది. మూడు గంటలు బస్సులో వచ్చింది బస్సు దగ్గర కూర్చోవడానికా? ఆవిడ పోయి రెఫరీని బతిమాలింది, నిర్వాహకుల్ని బతిమాలింది, చివరికి సింగపూర్ వాళ్లని కూడా బతిమాలింది. వాళ్ల కెప్టెన్, తాడిచెట్టంత పొడుగు పిల్ల, నవ్వి, "అంకుల్ ఉండనీ లా, మా ఇంట్లోనూ తాత ఉన్నాడు" అంది. ఆఖరికి ఒక షరతు మీద ఒప్పుకున్నారు. కోటు విప్పేయాలి. నంతిని గోలు వెనక అద్దం దగ్గర, అందరికీ కనబడేలా కూర్చోవాలి. పక్కన రూబన్ కాపలా ఉండాలి.

"తాతా, ఇంగ ఉక్కారుంగ" అని రూబన్ తమిళంలో కుర్చీ చూపించాడు. తమిళమైతేనేం, తోటలో పుట్టిన మనిషికి అర్థం కాకపోతే కదా. అప్పలసామి చేతులు చంకల్లో పెట్టుకుని బిక్కచచ్చిపోయి కూర్చున్నాడు. కాసేపటికి రూబన్ తన స్వెట్టర్ విప్పి ఆయన భుజాల మీద వేశాడు.

ఆట మొదలైంది. ఒక మనిషి తక్కువ. సింగపూర్ పిల్లలు తేనెటీగల్లా ముసిరారు. నంతిని ఒకటి కాలితో ఆపింది, ఒకటి ఛాతీతో ఆపింది, మూడోది ఎవరి కర్రకో తగిలి దిక్కు మారి, మోకాలి పక్క నుంచి లోపలికి దొర్లిపోయింది. శిక్ష ముగియడానికి ఇంకా ఎనిమిది సెకన్లున్నాయి.

సున్నా ఒకటి.

నంతిని వెనక్కి తిరిగి చూసింది. అద్దం అవతల అప్పలసామి రెండు చేతులతో నోరు మూసుకుని ఉన్నాడు. ఆయనకి హాకీ తెలియకపోవచ్చు గానీ, తన కాయ వల్లే అది పడిందని అర్థం కాకుండా ఉంటుందా? ఆ ముసలి కళ్లలో నీళ్లు చూసేసరికి నంతినికి ఎక్కళ్లేని కసి పుట్టింది. ఇక ఒక్కటి కూడా పోనివ్వను అనుకుంది. మామూలుగా ప్రతి ఆటలోనూ ఆ మాట అనుకుంటుంది. ఈసారి పళ్లు కొరికి అనుకుంది.

అప్పణ్ణుంచి చూడాలి ఆవిడ ఆట! వచ్చింది వచ్చినట్టు పట్టింది. పడుకుని పట్టింది, దొర్లి పట్టింది, ఒకటైతే వెనక్కి పడుతూ నెత్తి మీద పట్టింది. "పట్టినాది!" అని గొణిగాడు అప్పలసామి. ఆ తర్వాత గొణగడం మాని అరవడం మొదలుపెట్టాడు. ఇరవై నిమిషాలకోసారి జట్లు వైపులు మారతాయి కదా, నంతిని అటు వెళ్తే రూబన్ ఈయన్ని రెక్క పట్టుకుని మైదానం చుట్టూ నడిపించి అటు కూర్చోబెట్టేవాడు. మొదటిసారి దొంగని నడిపించినట్టు నడిపించాడు. రెండోసారికి ఇద్దరూ పరుగెత్తారు. కాపలా కుర్రాడు కాపలా సంగతే మర్చిపోయాడు.

రెండో భాగంలో కెప్టెన్ ఫరా ఒక గోలు కొట్టింది. ఒకటి ఒకటి. మూడో భాగం సగంలో అదే ఫరా కొట్టిన బిళ్ళ సింగపూర్ పిల్ల స్కేటుకి తగిలి లోపల పడింది. రెండు ఒకటి! పై అంతస్తు కటకటాలు ఊగిపోయాయి. జట్టు పిల్లలు ఒకరి మీద ఒకరు పడి అరుస్తుంటే, నంతిని మాత్రం గోలు ముందు ఒంటరిగా నిలబడి గడియారం వంక చూసింది. తొమ్మిది నిమిషాలు. పన్నెండు ఆటల్లో మొదటిసారి ఆవిడకి భయమేసింది. ఓడేటప్పుడు ఇంత భయం లేదు.

ఎనిమిది నిమిషాల పైన గడిచింది. యాభై సెకన్లు ఉన్నాయనగా సింగపూర్ కెప్టెన్, ఆ తాడిచెట్టంత పిల్ల, అందరినీ తప్పించుకుని ఒంటరిగా వచ్చేస్తుంటే, మన పిల్ల ఒకతి తట్టుకోలేక వెనక నుంచి కర్రతో కాలు పట్టేసింది. ఈల మోగింది. రెఫరీ రెండు చేతులూ తలపైన కలిపి చూపించింది. దానర్థం అందరూ పక్కకి తప్పుకోవాలి. ఆ పొడుగు పిల్ల ఒక్కతీ బిళ్ళ తీసుకుని నడిమధ్య నుంచి వస్తుంది. నంతిని ఒక్కతీ ఆపాలి. మధ్యలో ఎవరూ ఉండరు.

అంత గోలా ఒక్కసారి ఆగిపోయింది. పైన ఎవరిదో గ్లాసులో ఐసు కదిలితే వినబడింది.

ఇలాంటివి నంతిని ఎప్పుడూ ఆపలేదు. పదకొండు ఆటల్లో నాలుగు వచ్చాయి, నాలుగూ పోయాయి. "బిళ్ళ చూడు, బిళ్ళ మీంచి కన్ను తిప్పకు" అని లిమ్ సారు చెప్పేవాడు. ఆవిడ అలాగే చూసేది. వచ్చేవాళ్లు బిళ్ళని ఇటు ఆడించి, అటు ఆడించి, ఆవిడ ఒక పక్కకి పడగానే రెండో పక్క నుంచి వేసేసేవాళ్లు. లారీ మీద నేర్చిన విద్య ఇక్కడ పనికిరాదని ఎందుకో అనుకుంది. తోట సంగతి తోటదే, పట్నం సంగతి పట్నానిదే అనుకుంది కాబోలు, పిచ్చి తల్లి.

పొడుగు పిల్ల కదిలింది. అప్పుడు వెనక అద్దం మీద దబదబా రెండు చేతులు పడ్డాయి.

"బుజం సూడు లమ్మీ! దాని బుజం సూడు!"

మాల్లో ఉన్నవాళ్లందరికీ వినబడిందది. అర్థమైంది మాత్రం ఆ లోకం మొత్తమ్మీద ఒక్క మనిషికే.

నంతిని బిళ్ళ మీంచి కన్ను తీసేసింది. కర్ర కుడికి ఊగింది, చూడలేదు. పిల్ల కళ్లు కుడికి తిరిగాయి, చూడలేదు. కర్ర మళ్లీ ఎడమకి, మళ్లీ కుడికి. కూర్చో, పడిపో అని మోకాళ్లు పోరుతున్నా నంతిని పడలేదు, నిలబడే ఉంది. లారీ మీద, ఎండలో, తొమ్మిదేళ్ల పిల్ల నిలబడినట్టు నిలబడింది. ఆ పొడుగు పిల్ల భుజం దిగింది. ఎడమకి.

నంతిని ఎడమ చెయ్యి పైకి లేచింది. టప్.

చెయ్యి తెరిచి చూస్తే బిళ్ళ అందులో ఉంది.

ఆ తర్వాతి యాభై సెకన్లు ఎలా గడిచాయో ఎవరికీ గుర్తు లేదు. గంట మోగింది. కర్రలు, చేతి తొడుగులు గాల్లోకి లేచాయి. ఇరవై మంది వచ్చి నంతిని మీద పడ్డారు. అందరికంటే ముందు నిషా పడింది, ఏడుస్తూ పడింది. లిమ్ సారు బూట్లతోనే మంచు మీదకి దిగి రెండుసార్లు జారాడు. రూబన్ కుర్చీ ఎక్కి గంతులేస్తున్నాడు. కింద పడిన నంతినికి పైనున్న వాళ్ల బరువుకి ఊపిరాడలేదు. అయినా లేవాలనిపించలేదు. హాయిగా నవ్వుతూ, ఏడుస్తూ అలాగే పడుకుంది.

కాసేపటికి రెండు జట్లూ వరసగా నిలబడ్డాయి. మైకు గరగరలాడింది. మలయ్‌లో ఏదో అన్నారు, ఇంగ్లీషులో ఏదో అన్నారు, ఆపైన మాలంతా దద్దరిల్లేలా ఒక పేరు పిలిచారు.

"అప్పలసామీ!"

నంతినికి అర్థమైంది. ఆటలో మేటి క్రీడాకారిణికి ఇచ్చే బహుమతి. ముందుకి కదలబోయింది. కానీ ఆవిడకంటే ముందే గేటు దగ్గర ఎవరో కదిలారు.

అప్పలసామి తోట బడిలో మూడు తరగతుల తెలుగు చదివినవాడు. ఇంగ్లీషు అక్షరాలు రావు. కూతురి వీపు మీద తన పేరుందని, ఆట సాగినంతసేపూ దాన్నే చూస్తూ కూర్చున్నా ఆయనకి తెలియదు. తెలిసిందల్లా ఒకటే. ఇంతమందిలో, ఇంత పెద్ద మైకులో తన పేరు పెట్టి పిలుస్తున్నారు. ఎందుకు పిలుస్తారు? కాయ కొట్టినందుకు! ఆట అయ్యేదాకా ఊరుకుని, ఇప్పుడు పంచాయితీకి పిలుస్తున్నారు. పిల్ల గెలిచిన రోజు, దాని పేరు చెడగొట్టకూడదు. వెళ్లి తప్పు ఒప్పేసుకుంటే పోతుంది.

"అప్పలసామీ!" మళ్లీ పిలిచారు.

"వస్తన్నాను బాబూ, వస్తన్నాను!"

రూబన్ కుర్చీ దిగేలోపే ముసలాయన గేటు దాటేశాడు. సిలిపర్లతో, వేష్టితో, రెండు చేతులూ జోడించి మంచు మీద నడిచేస్తున్నాడు. "తప్పయిపోనాది దొరసానీ! తెలక సేసినాను! కాయి కొడితే మంచిదని కొట్టినాను! నన్నేటైనా అనండి, పిల్లని అనకండి!" ఎర్ర జుట్టు రెఫరీ బహుమతి చేతిలో పట్టుకుని నిలువుగుడ్లేసుకుని చూస్తోంది. రెండు దేశాల పిల్లలూ చూస్తున్నారు. నాలుగో అడుగుకి సిలిపరు జారింది. ఐదో అడుగుకి కాళ్లు రెండూ పైకి లేచాయి.

నంతిని అప్పటికే బయల్దేరింది. ఎప్పుడూ గోలు వదిలి పది అడుగులు వెళ్లని మనిషి, మైదానం సగం ఒక్క ఊపులో దాటి, తండ్రి వీపు మంచుకి తగలకముందే రెండు చేతులా పట్టేసింది. ఇద్దరూ కలిసి జర్రున జారి ఆ పాత గొయ్యి పూడ్చిన చోట ఆగారు.

"నాన్నా, నిన్ను కాదు పిలిసింది. నన్ను."

"నా పేరేగదే పిలిసినారు!"

నంతిని వెనక్కి తిరిగి వీపు చూపించింది. అక్షరం అక్షరం వేలితో చూపిస్తూ చదివి వినిపించింది. ఆయన ఆ తెల్లటి అక్షరాల మీద చెయ్యి పెట్టి తడిమాడు, నెమ్మదిగా, ఒక చివర నుంచి ఇంకో చివరకి.

"ఎన్నాళ్ల నుంచి ఉన్నాది ఇది?"

"మొదటాట కాడ్నుంచీ."

"సెప్పలేదేటి లమ్మీ?"

"గెలిసినాక సెబుదామని."

అప్పలసామి మొహం మతాబాలా వెలిగిపోయింది. అంతలో సింగపూర్ గోలు కాసే అమ్మాయి స్కేట్ల మీద మెల్లగా వచ్చి, ఇంతసేపూ తమ బెంచీ కింద దాచిన కొబ్బరి చెక్కని రెండు చేతులా ఆయనకి అందించింది. "అంకుల్, ఇది తినొచ్చా?" అని అడిగింది. తినకపోతే ఎలా, దేవుడి కాయ! ఆయన అక్కడికక్కడే చిప్పలోంచి ముక్కలు పెరికి అందరికీ పంచాడు. ఎర్ర జుట్టు దొరసాని కూడా ఒక ముక్క నోట్లో వేసుకుంది. మంచులో ఉన్న కాయ కదా, చల్లగా, తియ్యగా ఉందట.

పంచడం అయ్యాక అప్పలసామి కూతురి ఎదుట నిలబడి, గొంతు సవరించుకున్నాడు. అన్నీ కళ్లారా చూసినవాడే. అయినా ఆయన పద్ధతి ఆయనది.

"గెలిసినారేటి?"

నంతిని ఎన్నేళ్లుగానో దాచుకున్న మాట అది. మాలంతా వినబడేలా అనేసింది.

"గెలిసినాం నాన్నా."

"ఎన్ని పట్టినావు?"

"ముప్పై ఒకటి. నీతో కలిపి ముప్పై రెండు."

"ఎన్ని పడ్డాయి?"

"ఒకటే నాన్నా," అంది నంతిని, నోట్లో కొబ్బరి ముక్క నములుతూ. "అది నువ్వు కొట్టిన కాయికి పడ్డాది."